సూర్యలంకలో నాలుగు రోజులు, మా మేనల్లుడి గురువు దగ్గర

నవంబర్ 14, శుక్రవారం, బాపట్ల

పది రోజుల నుంచీ మా అక్క ఫోన్‌లో ఒకటే పోరు, నువ్వొకసారి వచ్చి వాడికి చెప్పరా, నా మాట అస్సలు వినట్లేదు అని. వాడంటే మా మేనల్లుడు. ఇరవై రెండేళ్ళు, డిగ్రీ అయిపోయింది, ఏదో పరీక్షకి చదువుతున్నాడనుకుంటే వెళ్ళి సూర్యలంక బీచ్‌లో కార్తీకమాసం రద్దీకి గజ ఈతగాళ్ళని తీసుకుంటుంటే వాళ్ళల్లో చేరిపోయాడు. అక్క భయం అక్కది. మా ఊళ్ళో చాలా ఇళ్ళల్లో ఆ సముద్రం పేరెత్తితే ఇంకో పేరు గుర్తొస్తుంది. నాకూ గుర్తొస్తుంది, ఇంటర్‌లో నా పక్క బెంచీ వాడు, వనభోజనాలకి వెళ్ళి రాలేదు. అది చెప్పడానికే వచ్చా నిజానికి, మానేయరా అని.

అక్క కందబచ్చలి కూర, ఉసిరికాయ పచ్చడి చేసింది. కార్తీకం కదా ఉల్లిపాయ కూడా లేదు, అయినా కంద మెత్తగా ఉడికి ఆవ ఘాటుతో ఉంటే రెండుసార్లు అన్నం పెట్టించుకున్నా. వాడు డ్యూటీ నుంచి ఎనిమిదింటికి వచ్చాడు, వచ్చీ రాగానే ఫోన్ తీసి ఎర్ర టీషర్ట్ వేసుకుని సముద్రానికి వీపు పెట్టి దిగిన ఫొటోలు చూపించాడు.

"మావయ్యా, కొమ్మమూరు కాలువ నిండుగా పారుతుంటే ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి ఐదుసార్లు ఆపకుండా కొట్టా తెలుసా, అక్కడ ఉన్నోళ్ళల్లో నా అంత స్పీడు ఎవడికీ లేదు."

"మరి నేర్పే ఆయన?"

"తాతా? ఆయన నీళ్ళల్లో దిగనివ్వడే. నాలుగు రోజుల నుంచీ ఇసకలో కూర్చోబెట్టాడు. వయసైపోయింది మావయ్యా, భయం."

వాడిని మానెయ్యమని అప్పుడే చెప్పేద్దామనుకున్నా. చెప్పలేదు. ముందు ఆ తాతని చూడాలనిపించింది.

నవంబర్ 15, శనివారం, సూర్యలంక

బాపట్ల నుంచి 9 కిలోమీటర్లు, షేర్ ఆటోకి మనిషికి 30 రూపాయలు. వాడి బైక్ మీదే వెళ్ళాం గానీ తిరిగొచ్చేటప్పుడు ఆటో ఎక్కా అందుకని తెలుసు. ఇంకా చీకటి, సరుగుడు తోటల్లోంచి గాలి, ఆ చెట్ల హోరు ఏదో సముద్రం హోరు ఏదో దగ్గరికి వెళ్ళేదాకా తెలియదు. ఐదున్నరకే ఆడవాళ్ళు మోకాలి లోతులో నిలబడి అరటి దొప్పల్లో దీపాలు వదులుతున్నారు. మొదటి అలకే చాలా ఆరిపోతాయి, దొప్పలు మాత్రం తేలుతుంటాయి.

పెద్దాయనకి 58 ఏళ్ళు. పొట్టి మనిషి, ఎండుకట్టెలా ఉంటాడు, కళ్ళు ఉప్పునీళ్ళకి ఎర్రబారిపోయి ఉన్నాయి, మెడలో విజిల్, దానికి వల నేసే నైలాన్ దారం. నన్ను చూసి దణ్ణం పెట్టి "మేనమామ గారా, కూర్చోండయ్యా" అని తువ్వాలు పరిచాడు, కానీ తల మాత్రం నా వైపు తిప్పలేదు. తర్వాత గమనించా, మాట్లాడేటప్పుడూ టీ తాగేటప్పుడూ కూడా ఆయన మొహం నీళ్ళ వైపే ఉంటుంది.

వాడిని పిలిచి అడిగాడు. "ఒరే అబ్బాయ్, ఆ దొప్పలు చూడు. ఏం కనపడతంది?"

"తేలుతున్నాయి తాతా."

"అన్నీ ఒకటే తీరుగా తేలతన్నాయా?"

నేనూ చూశా. ముందు ఏమీ తెలియలేదు. వెలుతురు కొంచెం వచ్చాక కనపడింది. అటూ ఇటూ వదిలిన దొప్పలన్నీ అల కొట్టినప్పుడల్లా ఒడ్డుకి వచ్చేసి ఇసకలో బోర్లాపడుతున్నాయి. మధ్యలో ఒకచోట, పదిహేను అడుగుల వెడల్పుంటుందేమో, అక్కడ వదిలినవి మాత్రం వెనక్కి రావట్లేదు, ఒకదాని వెనక ఒకటి వరుసగా లోపలికి వెళ్ళిపోతున్నాయి, ఎవరో దారం కట్టి లాగుతున్నట్టు. ఒక దొప్పలో ఒత్తి ఇంకా వెలుగుతోంది కూడా, ఎందుకంటే అక్కడ అల విరగట్లేదు. నీళ్ళు కాస్త నల్లగా, నున్నగా, చూడ్డానికి అన్నిటికంటే ప్రశాంతంగా ఉన్న చోటు అదే. చంటిపిల్లతో వచ్చిన ఒకావిడ అల తక్కువగా ఉందని అక్కడికే వచ్చి నిలబడింది, పెద్దాయన విజిల్ ఊది చెయ్యి ఊపి పక్కకి పంపించాడు.

"అదీ లాగుడు" అన్నాడు. అలలు తెచ్చి ఒడ్డున పోసిన నీళ్ళన్నీ తిరిగి పోవాలి కదా, లోపల ఇసక మేట అడ్డం ఉంటది, ఆ మేటకి ఎక్కడ గండి పడితే అక్కడ నుంచి మొత్తం తోసుకుని పోతాయి, కాలవలాగే. పాటు మీద, అంటే సముద్రం వెనక్కి పోయేటప్పుడు, ఇంకా గట్టిగా లాగుతుంది. ఆ గండి ఇవాళ ఉన్నచోట రేపు ఉండదు. అందులో పడ్డవాడు ఒడ్డు కనపడుతోంది కదా అని దానికి ఎదురు ఈదుతాడు, ఎంత మొనగాడైనా ఎదురు ఈది రాలేడు, అలిసిపోతాడు, అక్కడితో సరి. లాగుడు మనిషిని అడుక్కి లాగదు, లోపలికి మోసుకుపోతుంది అంతే. ఒడ్డు వెంబడి, పక్కకి ఈదితే కాసేపటికే దాని పట్టు వదిలిపోతుంది, అలలు విరిగే చోటికి వస్తే అవే తోసుకొచ్చి పడేస్తాయి. ఈదలేకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యి పైకెత్తి ఉండాలి. ఈ నెలల్లో నీళ్ళు చీరాల దగ్గరి వాడరేవు వైపు నడుస్తాయనీ, ఎండాకాలానికి దానికి ఎదురు తిరుగుతాయనీ, పక్కకి ఈదేటప్పుడు ఆ నడక వైపే ఈదాలనీ చెప్పాడు. మా వాడు వింటూనే ఉన్నాడు గానీ కాలితో ఇసక తంతున్నాడు.

"నీళ్ళల్లో ఎంతమంది?" అని అడిగాడు పెద్దాయన.

"ఓ నలభై మంది."

"ఓ నలభై కాదు, లెక్కపెట్టు."

వాడు లెక్కపెట్టాడు. 63. ఐదు నిమిషాల తర్వాత మళ్ళీ పెట్టించాడు. 61. మిగతా ఇద్దరేరి అన్నాడు. వాడు తడబడ్డాడు, లేచి నిలబడ్డాడు, అటూ ఇటూ చూశాడు, మొహంలో రంగు పోయింది. నాకూ గుండె ఝల్లుమంది. పెద్దాయన నెమ్మదిగా, ఆకుపచ్చ లుంగీ ఆయనా ఆయన కొడుకూ, అదిగో బోండాల బండి దగ్గర అని చూపించాడు. "నువ్వు చూడలా. నేను చూశా. నీ ఈత ఎప్పుడు అవసరమొస్తదో చెప్పేది నీ కళ్ళేరా, అయ్యి కాలవలో నేర్చుకుంటే వచ్చేయి కావు."

మధ్యాహ్నం జనం పలచబడ్డాక, ఇంకో ఇద్దరు కాపలా ఉండగా, వాడిని నీళ్ళల్లోకి దింపాడు మొత్తానికి. నేను మునిగిపోతున్నవాణ్ణి, వచ్చి పట్టుకో అన్నాడు. వాడు బాణంలా ఈదుకుంటూ వెళ్ళాడు, నిజంగానే బాగా ఈదుతాడు, చూస్తే ముచ్చటేసింది. ఎదురుగా వెళ్ళి చెయ్యి అందించాడు. అంతే. ఆ ఎండుకట్టె లాంటి మనిషి వాడి మెడ కరుచుకుని, భుజాలెక్కి, తలని నీళ్ళల్లోకి తొక్కేశాడు. నేను ఒడ్డున లేచి నిలబడిపోయా. రెండు మూడు సెకన్లే అయ్యుంటుంది. వదిలేశాక వాడు ముక్కులోంచి నీళ్ళు కక్కుకుంటూ వచ్చి ఇసకలో కూలబడ్డాడు, కోపంతో ఏడుపు ఒక్కటే తక్కువ.

పెద్దాయన పక్కనే కూర్చుని వాడి వీపు నిమిరాడు. "మునిగేవాడు మంచోడే నాయనా. కానీ ఆ టయానికి వాడికి నువ్వు మనిషివి కాదు, ఎక్కి నిలబడే మెట్టువి. చేతికి అందేంత దూరం పోబాకు. ముందు ట్యూబ్ తొయ్యి, పట్టుకోనీ, మాట్లాడు, తర్వాత వెనక నుంచి పో." ట్యూబ్ అంటే ఆ ఎర్ర పొడుగాటి మెత్త, పట్టీ భుజానికి వేసుకుని లాక్కెళ్ళేది. ఈయన దగ్గరున్నది ఒక్కటే. దాని పట్టీ తెగితే పనిలో పెట్టినవాళ్ళని అడిగీ అడిగీ చివరికి వల తాడుతో తనే కుట్టుకున్నాడంట. ఆ కుట్టు చూశా, చిన్న చిన్న ముళ్ళు, ఒక్కొక్కటీ రెండుసార్లు బిగించి ఉంది.

ఆ సాయంత్రం ఒక పది తేగల కట్ట 50 రూపాయలకి కొనుక్కుని ముగ్గురం తిన్నాం. మా వాడు మాట్లాడలేదు.

నవంబర్ 16, ఆదివారం, వేటపాలెం, వాడరేవు

ఆదివారం బీచ్‌లో అడుగు పెట్టే సందుండదు, నువ్వక్కడ ఉంటే వాడికి ధ్యాస చెదురుతుంది అని అక్క జీడిపప్పుకి పంపించింది. వేటపాలెంలో జీడిపప్పు ఇంటింటా పనే. ఒక ఇంటి అరుగు మీద ఆడవాళ్ళు నలుగురు కాల్చిన గింజలు ఒక్కొక్కటే కొట్టి పప్పు విరగకుండా తీస్తున్నారు, వేళ్ళకి జీడి అంటకుండా బూడిద రాసుకున్నారు. గుండుపప్పు ఒక రేటు, బద్ద ఒక రేటు, ముక్క ఒక రేటు. బద్ద అరకిలో కొన్నా, రుచికి తేడా లేదని వాళ్ళే చెప్పారు. అమ్ముకునేవాళ్ళు అలా చెప్పడం నాకు నచ్చింది. పక్కనే సారస్వత నికేతనం, 1918లో పెట్టిన గ్రంథాలయం, 1929లో గాంధీ గారు వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు. కాసేపే నిలబడ్డా, మనసు సూర్యలంకలోనే ఉంది.

వాడరేవులో పడవలు ఒడ్డుకి వచ్చి ఉన్నాయి. వల బాగుచేసుకుంటున్న ఒకాయన్ని మాటల్లో పెట్టి సూర్యలంక పెద్దాయన తెలుసా అని అడిగా. తెలియకపోవడమేంటి, మా చెల్లెల్ని ఇచ్చింది వాళ్ళ ఇంట్లోనే అన్నాడు. ఎంతమందిని కాపాడి ఉంటాడు అంటే, ఆయన దక్కినోళ్ళ లెక్క చెప్పడయ్యా, దక్కనోళ్ళ లెక్క చెప్తాడు, ఏడుగురు అన్నాడు. ఆయన చేతిలో వల కదురు ఆగలేదు ఆ మాట అంటున్నప్పుడు.

తిరుగు దారిలో మెయిన్ రోడ్డు వదిలి సముద్రం పక్కగా పోదామని సరుగుడు తోటల్లో దిగా, మూడు బాటలు కలిసే చోట దారి తప్పా, బైక్ ఇసకలో కూరుకుపోయింది. ఎండు సరుగుడాకు ఊడ్చి మోపు కడుతున్న ఒక ముసలమ్మ మోపు కింద పెట్టి వచ్చి నాతో పాటు తోసింది, డబ్బులివ్వబోతే తీసుకోలేదు. సూర్యలంక దారెటమ్మా అంటే "సముద్రం మోత కుడిచెవికి వినపడేటట్టు పో నాయనా, ఎడం చెవికి వినపడిందంటే వాడరేవుకి పోతన్నట్టు" అంది. ఆ గుర్తు మీదే వచ్చేశా.

రాత్రి పెద్దాయన ఇంట్లో భోజనం. కానాగంతల పులుసు, ముందురోజు కాచింది, మామిడికాయ ముక్కలు వేసి. కార్తీకం అని అక్కకి మాటిచ్చా, వాళ్ళావిడ వడ్డించబోతుంటే చెప్పా. "కార్తీకమైతే దొండకాయ ఉందయ్యా" అని లేచి అప్పటికప్పుడు వేయించి పెట్టింది, ఒక్క మాట అనలేదు. మా వాడు మాత్రం పులుసు పోసుకుని తిన్నాడు.

తిన్నాక వాకిట్లో ఇసక నింపిన ఎరువుల సంచి తెచ్చి పడేశాడు పెద్దాయన. మునిగిన మనిషికి ఊపిరి ఆగితే ఏం చెయ్యాలో అది. ముందు ఐదుసార్లు నోట్లోకి ఊపిరి ఊదాలి, ఎందుకంటే వీళ్ళకి ముందు పోయింది గాలి. తర్వాత ఛాతీ మధ్యలో అరచేతి మడమ పెట్టి ముప్పై నొక్కులు, రెండు ఊదులు, మళ్ళీ ముప్పై. నొక్కితే రెండంగుళాలు దిగాలి, నిమిషానికి వంద నుంచి నూట ఇరవై పడాలి. మా వాడు నోట్లో నోరు పెట్టడం అనేసరికి నవ్వాడు. పెద్దాయన నవ్వలేదు.

"మా చిన్నప్పుడు కడుపు మీద నొక్కేవాళ్ళం, కాళ్ళు పట్టుకుని తలకిందులుగా తిప్పేవాళ్ళం, నీళ్ళు కక్కుతారని. నేనూ చేశా. కడుపు నొక్కితే అందులోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకే పోద్దంట. ట్రైనింగ్‌లో డాక్టర్ గారు చెప్పారు. అప్పటికి నేను ఇద్దరికి అట్టా చేసేశా." కాసేపు ఆగి, "ఆ ఏడుగురిలో ఇద్దరు వాళ్ళు" అన్నాడు.

ఆయన ఎందుకు ఈ పనిలోకి వచ్చాడో కూడా అప్పుడే చెప్పాడు. 1977 నవంబర్ 19, ఉప్పెన నాటికి పదేళ్ళు, వాళ్ళమ్మ పుట్టిల్లు దివిసీమలో ఉంటే అక్కడికి వెళ్ళి ఉన్నారు. వాళ్ళమ్మ తన చీరతో ఈయన్ని తాటిచెట్టుకి కట్టేసింది. తెల్లారేసరికి ఈయన ఉన్నాడు, ఆమె లేదు. "ఎవరో ఒకరు కట్టేస్తేనే కదయ్యా నేనున్నది" అన్నాడు, అంతకుమించి చెప్పలేదు. మా వాడు సంచి ముందు మోకాళ్ళేసుకుని మళ్ళీ మొదట్నుంచీ మొదలుపెట్టాడు, ఒకటి, రెండు, మూడు అని బయటికి లెక్కపెడుతూ. చేతులు వణికేదాకా ఆపలేదు.

నవంబర్ 17, సోమవారం, సూర్యలంక

కార్తీకమాసం చివరి సోమవారం. తెల్లవారుజాము మూడింటి నుంచే బస్సులు, ట్రాక్టర్లు, ఆటోలు. కొబ్బరిబోండం 50 నుంచి 60 అయింది. చేపలు వేయించే బళ్ళు మూతేసుకుని ఉన్నాయి, వాటి ముందే దీపాలమ్మేవాళ్ళు దుకాణాలు పరిచారు. గండి శనివారం ఉన్నచోట నుంచి కుడివైపుకి జరిగిందని మా వాడే వచ్చి నాకు చూపించాడు, దొప్పలు చూసి తెలుసుకున్నాడంట. అక్కడ కర్ర పాతి ఎర్రగుడ్డ కట్టారు.

తొమ్మిదిన్నర దాటాక మూడు బైకుల మీద ఐదారుగురు కుర్రాళ్ళు వచ్చారు. తిన్నగా ఎర్రగుడ్డ దగ్గరికే దిగారు, అలల గోల లేదని. మా వాడు వెళ్ళి చెప్పాడు, జరిగారు, మళ్ళీ వచ్చారు, మళ్ళీ వెళ్ళి చెప్పాడు. "మాకు ఈతొచ్చన్నా, నీ పని నువ్వు చూసుకో" అన్నాడు వాళ్ళల్లో ఒకడు. మా వాడు కోప్పడలేదు. అక్కడే నిలబడిపోయాడు, వాళ్ళ తలలు లెక్కపెట్టుకుంటూ.

నేను చూస్తూనే ఉన్నా, నాకేమీ కనపడలేదు, అది చెప్పుకోవాలి. అరుపు లేదు, చెయ్యి ఊపడం లేదు. ఒక తల వెనక్కి వాలి ఉంది, నోరు నీళ్ళకి సరిగ్గా సమానంగా, జుట్టు కళ్ళ మీద పడినా తీసుకోవట్లేదు, అంతే. ఊపిరి అందనివాడికి అరవడానికి గాలి ఎక్కడుంటుంది. మా వాడి విజిల్ పెద్దాయన విజిల్ కంటే ముందు మోగింది.

ట్యూబ్ భుజాన వేసుకుని వాడు తిన్నగా నీళ్ళల్లోకి దూకలేదు. ముందు ఒడ్డున పరిగెత్తాడు, గండి దగ్గరకి వచ్చి అందులోనే దిగాడు, ఆ లాగుడే వాడిని మోసుకెళ్ళింది. వాడికి కట్టిన తాడు రెండో కొస ఒడ్డున పెద్దాయన చేతిలో ఉంది. తాడు బిగుసుకుంది, ఇంకా అక్కడికి చాలా దూరం ఉంది, పెద్దాయన నడుం లోతుకి, తర్వాత గొంతు లోతుకి నడిచాడు, ఇంకా అందలేదు. మా వాడు వెనక్కి తిరిగి ఒక్కసారి చూసి తాడు విప్పేశాడు. అప్పుడు నా నోరెండిపోయింది. అక్కకి ఏం చెప్పాలి అన్నదొక్కటే తలలో తిరిగింది.

వాడు చేరువకెళ్ళి ఆగాడు. నిజంగా ఆగాడు, రెండు చేతుల దూరంలో. ట్యూబ్ తోశాడు. ఏదో చెబుతూనే ఉన్నాడు, వినపడలేదు గానీ పెదాలు కదులుతున్నాయి. అతను ట్యూబ్ కావిలించుకున్నాక వెనక నుంచి వెళ్ళి పట్టుకున్నాడు. ఒడ్డు వైపు రాలేదు, వాడరేవు వైపు పక్కకి, నెమ్మదిగా, గండి దాటేదాకా. ఆ తర్వాత అలలే తెచ్చాయి ఇద్దర్నీ. మొత్తం ఎంతసేపో నాకు తెలియదు, నా చేతిలో టీ గ్లాసు ఉందని కూడా ఎవరో తీసుకున్నప్పుడు తెలిసింది.

అతను దగ్గుతున్నాడు, స్పృహలోనే ఉన్నాడు. జనం మూగేశారు, ఒకాయన కడుపు నొక్కండి అంటూ వంగబోతే పెద్దాయన ఆ చెయ్యి పట్టుకుని పక్కకి పెట్టాడు. మా వాడు అతన్ని పక్కకి తిప్పి పడుకోబెట్టాడు, కక్కుకున్నాడు, తుడిచాడు. నేను బాగానే ఉన్నానన్నా ఇంటికెళ్ళిపోతా అని ఏడుస్తున్నా వినకుండా 108 ఎక్కించారు, ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు పోతే గంటల తర్వాత కూడా ఆయాసం ముదరొచ్చంట, డాక్టర్ చూడాల్సిందే. అతని స్నేహితులు మా వాడితో సెల్ఫీ అడిగారు. వాడు వద్దన్నాడు, మీరు ఎంతమంది వచ్చారు, అందరూ ఇక్కడున్నారా అని అడిగాడు.

పెద్దాయన తడిబట్టలతోనే కూర్చుని వణుకుతున్నాడు. మెచ్చుకుంటాడనుకున్నా. "తాడు విప్పే ముందు వెనక్కి చూశావ్, అది మంచిది" అన్నాడు, కాసేపటికి "తాడు చాలకపోవడం నా తప్పు" అన్నాడు. మీ తప్పేంటి బాబాయ్ అన్నా. ఆయన నీళ్ళ వైపు చూస్తూ మాట్లాడలేదు.

నవంబర్ 18, మంగళవారం, బాపట్ల

మానెయ్యమని చెప్పడానికి వచ్చినవాణ్ణి. పొద్దున్నే అక్కకి సోమవారం జరిగింది మొత్తం చెప్పా, దాచలేదు, తాడు విప్పిన సంగతి కూడా. చాలాసేపు ఏడ్చింది. తర్వాత లేచి ఆ పెద్దాయన వాళ్ళింటికి ఉసిరికాయ పచ్చడి ఒక సీసా కట్టి ఇచ్చింది, వెళ్ళేటప్పుడు ఇచ్చి వెళ్ళరా అని.

హైదరాబాద్ వచ్చాక రెండు ట్యూబులు, తాడు ఆర్డర్ పెట్టా, నిన్న కొరియర్ అందిందని వాడు ఫోన్ చేశాడు. రంగు గురించి గానీ కొత్త టీషర్ట్ గురించి గానీ ఏమీ అడగలేదు. "మావయ్యా, డబ్బా మీద 100 మీటర్లు అని ఉంది, తాతా నేనూ ఇసకలో పరిచి అడుగులతో కొలిచాం, సరిపోయింది, పెట్టేస్తా మరి, జనం వస్తున్నారు" అన్నాడు.